చుక్క పెట్టిన బస్సు

అక్క కబురు మొదట నాకు తెచ్చినవాడు మా ఊరి రాత్రి బస్సు కండక్టరు నాగరాజన్న. ఆయన్ని ముందు తలుచుకోకుండా ఈ ప్రయాణం గురించి రాయడం నాకు చేతకాదు.

మా ఊరు మదనపల్లెకు అవతల, బస్సు దారి ఆగిపోయే చోట ఉంది. ఆ రోజుల్లో రాత్రి వచ్చిన బస్సు మా ఊళ్ళోనే ఉండిపోయి తెల్లవారుజామున తిరిగి బయలుదేరేది. పండుకునే బస్సు అనేవాళ్ళం దాన్ని. డ్రైవరూ కండక్టరూ మా ప్రార్థన మందిరం వరండాలో చాపలు పరుచుకునేవాళ్ళు. వాళ్ళ రాత్రి భోజనం వంతులవారీగా ఊళ్ళో ఇళ్ళది. మంగళవారం మా ఇంటిది. పొద్దున ఎవరైనా లేవకపోతే కండక్టరే వాకిట్లోకి వచ్చి పిలిచేవాడు. బస్సుకు టైము ఉంటుందనీ, అది గోడకు రాసిపెట్టి ఉంటుందనీ బెంగళూరు పోయేదాకా నాకు తెలియదు.

రాత్రి బస్సుకు చుట్టమెవరైనా వస్తుంటే ఇంట్లోంచి ఒకరు లాంతరు పట్టుకుని ఎదురు పోవడం మా ఇంటి అలవాటు. ఎంత ఆలస్యమైనా, వచ్చేది పసిపిల్లవాడైనా సరే, చీకట్లో ఒంటరిగా గడప ఎక్కకూడదనేవాడు మా నాయన. ఆయన మా సంఘానికి ఉపదేశి. అమ్మ చిన్నప్పుడే పోయింది. నేనూ, అక్క కరుణమ్మా.

నేను బడికి పోలేదు. బడి వంక అవతల, రెండూళ్ళ దూరం. అక్క మాత్రం హాస్టల్లో ఉండి చదువుకుంది. సెలవులకు వచ్చినప్పుడు అరుగు మీద బొగ్గుముక్కతో రాసి నాకు అక్షరాలు నేర్పింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ బొగ్గు చలవే. ఆ అక్క ఒకనాడు ఆయా పనికి బెంగళూరు పోతానంది. నాయన వద్దన్నాడు. మాటా మాటా పెరిగింది. మరునాడు నేను లేచేసరికి తెల్లవారుజాము బస్సు వెళ్ళిపోయింది, అక్క పక్క ఖాళీగా ఉంది.

తర్వాత నాయన అక్క పేరెత్తలేదు. అయితే రాత్రి బస్సు హారన్ వినపడగానే, "పాపా, లాంతరు తీసుకుని పో" అనేవాడు. ఎవరొస్తారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. దిగినవాళ్ళ ముఖాలన్నీ చూసి తిరిగొచ్చేదాన్ని. ఇలా ఆరేళ్ళు, ఆయన పోయేదాకా.

నాయన పోయిన మరుసటి ఏడు నాగరాజన్నను కొన్నాళ్ళు బెంగళూరు సర్వీసులో వేశారు. తిరిగొచ్చిన రాత్రి ఆయన నేరుగా మా ఇంటికి వచ్చాడు. అక్కడి బస్టాండులో అక్క ఆయన్ని గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చిందట. మొదట అడిగింది నాయన గురించే. పోయాడని చెబితే ప్లాట్‌ఫారం మీదే కూలబడి, "నా మీద కోపంతోనే పోయినాడు" అన్నదట.

బెంగళూరు శివారు బొమ్మసంద్రలో మంచాన ఉన్న ఒక పెద్దావిడను అక్క చూసుకుంటోంది. ఆ కుటుంబం కలకత్తాకు మారుతోంది, అక్కనూ తీసుకుపోతున్నారు. ఆదివారం పొద్దున్నే రైలు. రాత్రి పది దాకా డ్యూటీ, ఆ తర్వాత దగ్గర్లోని హెబ్బగోడిలో తన గదికి వస్తుంది. శనివారం రాత్రికి మీ చెల్లెల్ని పంపిస్తానని నాగరాజన్న ఆమెకు మాట ఇచ్చి వచ్చాడు.

నాయన కోపంతో పోలేదని అక్కకు చెప్పాలి. ఉత్తరం రాస్తే అది చేరేసరికి ఆమె అక్కడ ఉండదు. ఇంకొకరి నోట పంపే మాట కూడా కాదది. అందుకే బయలుదేరాను.

చింతామణి

శనివారం పండుకునే బస్సులో మదనపల్లెకు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. సంచిలో బట్టలకన్నా చెనక్కాయల ఉంటలే ఎక్కువ. వేయించిన గింజల్ని బెల్లం పాకం కొంచెం ముదరనిచ్చి ఉండలుగా కట్టాను, అక్కకు అలాగే ఇష్టం.

చింతామణిలో టిఫినుకు ఆపారు. సాంబారు తియ్యగా ఉంది. మా వైపు ఇలా బెల్లం వేస్తే ఇంట్లో గొడవైపోతుంది. ఆకలి మీద అది కూడా బాగుందనిపించింది, దేవునికి స్తోత్రం. కాఫీ మూడు రూపాయలు. హోటలాయన డబ్బు అడిగేది కన్నడంలో, చిల్లర ఇచ్చేది తెలుగులో.

పక్క సీట్లోని పెద్దాయన బెంగళూరులో ఎవరున్నారని అడిగాడు. "మా అక్క ఉంది" అన్నాను. ఏడేళ్ళలో ఆ మాట ఒక మనిషితో అనడం అదే మొదటిసారి.

హూడి

రాత్రి పది దాకా అక్క దొరకదు గనక పగలు బెంగళూరులోనే హూడి అనే చోట మరియమ్మత్త ఇంట్లో దిగాను. ఆమె నాయనకు వరసకు చెల్లెలు, పెళ్ళయ్యాక ఇక్కడే స్థిరపడింది. వాళ్ళబ్బాయి అక్కడి సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వ్యాను తోలుతాడు. ఆ శనివారం కూడా పనిలోనే ఉన్నాడు.

అత్త సంగటి చేసి ఆకుకూర పులుసు పోసింది. అక్కడ సంగటిని ముద్ద అంటారు, పులుసును సారు అంటారు, నమలకుండా మింగాలంటారు. నేను నమిలాను. అత్త నవ్వింది.

రాత్రిపూట హెబ్బగోడి పోవాలన్నానని ఆమెకు కాలు నిలవలేదు. పొద్దున పోరాదా అంటుంది. పొద్దునకు అక్క ఉండదు కదా అని మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

"ఈ ఊర్లో రాత్రి బస్సుల్ని నమ్మొద్దు పాపా" అంది. "బోర్డులో ఒకటుంటాది. అడిగితే ఇంకోటి చెప్తారు. వచ్చేది మూడోది."

నేను బయలుదేరేముందు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. అందులో నా పేరు కన్నా బస్సు పేరే ఎక్కువసార్లు వచ్చింది.

మెజెస్టిక్

హూడి నుంచి సిటీ బస్సులో బెంగళూరు పెద్ద బస్టాండు మెజెస్టిక్‌కు చేరేసరికి చీకటి పడింది. అన్ని బస్సులు, అంతమంది మనుషులు ఒక్కచోట ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. బస్సుల నంబర్లు కన్నడ అంకెల్లో రాసి ఉన్నాయి. నాయన పాటల పుస్తకంలో పుటల అంకెలన్నీ తెలుగువే. వాటికీ వీటికీ పెద్ద తేడా లేదు. అరుగు మీద అక్క రాయించిన ఒకట్లూ రెండ్లూ గుర్తొచ్చి, ఆ గలాటాలో నాకు ధైర్యం వచ్చింది.

టైముల బోర్డు దగ్గరే తికమకపడ్డాను. గంటలు పన్నెండు దాటి ఇరవై రెండు, ఇరవై మూడు అని రాశారు. వేళ్ళ మీద లెక్క తీసి చూసుకోవాలి. ఇంకొక వింత కూడా ఉంది. యశవంతపురం వైపు పోయే బస్సుల్లో రాత్రి అన్నిటికన్నా చివర కదిలేది బోర్డులో అన్నిటికన్నా పైన ఉంది. పూజ్యం గంటల పదిహేను నిమిషాలట. ఇదేమిటని విచారణ కిటికీలో ఆయన్ని అడిగాను.

"అది రేపటి బస్సమ్మా."

"ఈ రాత్రికి లేదా?"

"ఈ రాత్రికే పోతాది. బస్సు మాత్రం రేపటిది."

నా వెనక ఉన్న ఆమె ఫక్కున నవ్వింది. లక్ష్మి ఆమె పేరు, కుప్పం వైపు మనిషి, బొమ్మసంద్రలో ఒక కంపెనీలో ప్యాకింగు పని. ఆమె ఉండేది కూడా హెబ్బగోడే. అక్కడొక కాఫీని రెండు చిన్న గ్లాసుల్లో పోసి ఇద్దరికి ఇస్తారు, బైటూ అంటారు. తోడు లేకుండా నిండు కాఫీ తాగితే ఏదోలా ఉంటుందని లక్ష్మి నాతో బైటూ తాగింది. నాలుగు రూపాయల కాఫీ, చెరి రెండు. ఇంట్లో మేం పంచుకోమని కాదు, ముక్కూ మొగం తెలియని మనిషితో పంచుకోవడమే నాకు కొత్త. నేనెవరి కోసం వచ్చానో, వాళ్ళు రేపు ఎక్కడికి పోతున్నారో అంతా ఆమెకు చెప్పేశాను.

హెబ్బగోడి బస్సుకు బోర్డులో ఇక రెండే టైములు మిగిలాయి. ఒకటి పది ఇరవైకి, ఆఖరిది పదకొండు దాటి ఐదు నిమిషాలకు. ఆఖరిదాని పక్కన చిన్న చుక్క పెట్టి ఉంది. బోర్డు కింది భాగం మీద ఎవరో పోస్టరు అంటించారు. చుక్క ఎందుకో అడగాలని నాకు తోచలేదు.

పది ఇరవై బస్సు వచ్చింది. గుమ్మం దాకా మగవాళ్ళు వేలాడుతున్నారు. లక్ష్మి నా చెయ్యి పట్టి లాగింది. అందులో ఎక్కితే ఉంటలు పిండైపోతాయి. ఆఖరి బస్సు ఉంది కదా, అందులో వస్తానన్నాను. మా ఊళ్ళో ఏ బస్సు తప్పినా తప్పుతుంది గానీ ఆఖరి బస్సు తప్పదు. అది ఊరు చేరాలి, అక్కడ పండుకోవాలి. లక్ష్మి ఏదో చెప్పబోయింది గానీ, అప్పటికే మెట్టు మీదున్న ఆమెను వెనకవాళ్ళు లోపలికి నెట్టేశారు.

ఆఖరి బస్సు దాదాపు ఖాళీగా వచ్చింది. కిటికీ పక్క సీటు. అత్త ప్రార్థన ఫలించిందనుకున్నాను. కండక్టరు నడివయసు మనిషి, మునియప్ప. నేను ఊరి పేరు చెప్పకముందే, "ఇది షెడ్డుకి పోయి పండుకునే బండమ్మా" అన్నాడు.

పండుకునే బండి. ఆ మాట వినగానే నా ప్రాణం కుదుటపడింది. "నాకూ అక్కడికే" అన్నాను. ఆయన టికెట్టు కొట్టి ఇచ్చాడు.

షెడ్డు

బస్సు పెద్ద గేటులోకి తిరిగి ఆగిపోయింది. దిగి చూస్తే ఊరు లేదు. చుట్టూ బస్సులే, వరసలు వరసలుగా దీపాలార్పుకుని. హెబ్బగోడి ఎటని అడిగాను. మునియప్ప నన్నూ, నా చేతిలోని టికెట్టునూ మార్చి మార్చి చూశాడు.

"బోర్డులో చుక్క ఉండాది గదమ్మా. చుక్క ఉంటే ఊరికి పోదు, షెడ్డుకే పోతాది."

"ఆ సంగతి ఎక్కడ రాసి ఉందన్నా?"

"బోర్డు కిందనే రాసుండాది." మళ్ళీ తానే, "దాని మీద పోస్టరు వేసినారు లే" అన్నాడు.

మా ఊళ్ళో బస్సు పండుకునే చోటే ఊరు. బస్సులు పండుకోవడానికి వేరే ఊరు ఉంటుందని నేనెలా అనుకుంటాను? ఏడుపు ఆపుకుంటూ ఆయనకు సంగతంతా చెప్పాను. పొద్దునకు అక్క వెళ్ళిపోతుందన్నాను. నాయన మాట ఒకటి ఆమెకు చెప్పాలన్నాను. ఆ మాటేమిటని ఆయన అడగలేదు. అందుకు కూడా ఆయనకు రుణపడి ఉన్నాను. నా సంచి తీసుకుని గేటు పక్కకు నడిచాడు.

అక్కడొక బస్సు ఉంది. దానికి నంబరు లేదు, బోర్డు లేదు, ఏ టైముల పట్టికలోనూ అది కనపడదు. పని ముగించుకున్న డ్రైవర్లనూ కండక్టర్లనూ వాళ్ళ వాళ్ళ ఇళ్ళ దగ్గర దింపే బండి అది. హెబ్బగోడి మీదుగానే పోతుందట. మునియప్ప నన్ను అందులో ఎక్కించి, ఈయమ్మను ఇంటి మొదట్లో దింపాలప్పా అని డ్రైవరుకు చెప్పాడు. తాను మాత్రం రాలేదు. పొద్దున మొదటి బస్సు ఆయనదే, ఆ రాత్రి షెడ్డులోనే పండుకుంటాడు.

లోపల అందరూ ఖాళీ క్యారియర్లు ఒళ్ళో పెట్టుకుని నిద్రకు తూలుతున్నారు. ఉంటలు సగం వాళ్ళకు పంచాను. ఒకాయన సగం నిద్రలోనే నమిలి, బెల్లం పాకం బాగా కుదిరిందన్నాడు. ఎవరి సందు వస్తే వాళ్ళ పేరు పెట్టి డ్రైవరు లేపుతున్నాడు. అచ్చం నాగరాజన్నలాగే. అంత పెద్ద ఊళ్ళో మా ఊరి బస్సు అక్కడ దొరికింది నాకు.

హెబ్బగోడి

పిండిమర వెనక సందులో మూడో వరస గదులని నాగరాజన్న చెప్పాడు. సందులో నడుస్తుండగా ఒక గడప మీద మనిషి కదిలింది. లక్ష్మి. చేతిలో తాళంచెవి.

"అయ్యో అక్కా, నువ్వు ఈడికి వచ్చేస్తివా? మీ అక్క నీ కోసం ఆడికి పాయె."

జరిగింది ఇదీ. లక్ష్మి బస్సు దిగేసరికి స్టాపులో ఒకామె టార్చి పట్టుకుని దిగే ఆడవాళ్ళ ముఖాలన్నిటి మీదా వెలుగు వేసి చూస్తోందట. కొందరు విసుక్కున్నారు కూడా. మదనపల్లె వైపు నుంచి వచ్చే చెల్లెలు కనపడిందా అని ఆమె అడిగితే, మెజెస్టిక్‌లోనే ఉంది, ఆఖరి బస్సుకు వస్తానందని లక్ష్మి చెప్పింది. ఆఖరి బస్సు షెడ్డు దాటి రాదని అక్కకు తెలుసు. చీకట్లో అక్కడ దిగి చెల్లెలు ఒంటరిగా నిలబడి ఉంటుందని, గది తాళం లక్ష్మి చేతిలో పెట్టి, ఊళ్ళోకి పోతున్న కూరగాయల టెంపో ఎక్కేసింది. నేను షెడ్డు నుంచి ఇటు వస్తుంటే, ఆమె ఇటు నుంచి షెడ్డుకు పోయింది. రోడ్డు మీద ఎక్కడో మేమిద్దరం ఒకరినొకరు దాటుకుని పోయి ఉంటాం.

ఇంకెవరైనా అయితే గదిలో కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. మా ఇంట్లో పెరిగిన మనిషి అలా కూర్చోలేదు.

లక్ష్మి తాళం తీసింది. పరుపు చుట్టి కట్టేసి ఉంది, పెట్టె సర్ది ఉంది. గోడ మేకుకు లాంతరు. చిమ్నీ ముగ్గుతో తోమి తళతళలాడుతోంది, వత్తి నాయన నేర్పినట్టే అంచులు కత్తిరించి ఉంది. ఆ గదిలో కరెంటు ఉంది. అయినా లాంతరు పెట్టుకుంది.

అక్కడే మోకరించాను. ఏమని ప్రార్థించానో గుర్తులేదు.

షెడ్డు నుంచి మొదటి బస్సు చీకటితోనే వస్తుందని, అది బొమ్మసంద్ర దాకా పోతుందని, అక్క ఇంక ఏ దారిన రావాలన్నా ఆ బస్సే దిక్కని లక్ష్మి చెప్పింది. తెల్లవారేసరికి అక్క పెద్దావిడ ఇంట్లో ఉండాలి, రైలు స్టేషనుకు తీసుకుపోయే కారు అక్కడికే వస్తుంది. అందుకని మేమిద్దరం పెట్టె మోసుకుని ముందే స్టాపుకు వచ్చేశాం. నేను అక్క లాంతరు వెలిగించుకుని నిలబడ్డాను. ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళు నన్ను వింతగా చూశారు.

దూరంగా హారన్ వినిపించింది. ఆరేళ్ళు రోజూ చేసిన పనే. బస్సు ఆగగానే లోపలి నుంచి టార్చి వెలుగు వచ్చి నా ముఖం మీద పడింది. నేను లాంతరు ఎత్తాను. గుమ్మంలో అక్క.

తల కొంచెం నెరిసింది. "ఎక్కు పాపా, టైము లేదు" అంది, నిన్ననే విడిపోయినట్టు.

బొమ్మసంద్ర

హెబ్బగోడి నుంచి బొమ్మసంద్ర ఎంతో దూరం కాదు. ఆ మొదటి బస్సు కండక్టరు మునియప్పే, నేను హెబ్బగోడికి పోయానని షెడ్డులో అక్కకు చెప్పింది కూడా ఆయనే. తన సీటు మాకు ఇచ్చి వెనక్కి పోయాడు. మేం ఏడవలేదు, కుశలప్రశ్నలూ వేసుకోలేదు. నేను చెప్పాల్సింది చెప్పేశాను. నాయన ప్రతి రాత్రీ నన్ను లాంతరుతో బస్సుకు పంపేవాడని.

అక్క నా వైపు తిరిగింది.

"వానొచ్చినా?"

"వానొచ్చినా."

"నీకు జ్వరమొస్తే?"

"తానే పోయేవాడు."

"నువ్వొకదానివే తిరిగొస్తే ఏమనేవాడు?"

"తలుపు దగ్గరికి వేయి, గడియ మాత్రం పెట్టొద్దు అనేవాడు."

అప్పుడు అక్క ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. బస్సు అప్పటికే చివరి స్టాపులో తిరుగుతోంది.

మేం లేవబోతే మునియప్ప కూర్చోమన్నాడు. డ్రైవరు గడియారం చూపించాడు. "ఈడ బండి నిలబెట్టే టైము ఏ బోర్డులోనూ ఉండదులే అప్పా" అని మునియప్ప కిందికి దిగి, పక్క బడ్డీ నుంచి రెండు చిన్న గ్లాసులు తెచ్చి మా చేతుల్లో పెట్టాడు. బైటూ. మిగిలిన ఉంటల్లో ఒకటి అక్క కొరికి, పాకం సరిగ్గా ముదిరింది, అమ్మ చేసినట్టే ఉందంది. ఆ గ్లాసుల్లో కాఫీ నాలుగు గుక్కలు ఉంటుందేమో. ఇద్దరం వీలైనంత మెల్లగా తాగాం. ఆ నాలుగు గుక్కల సమయం ఇచ్చిన మనిషిని దేవుడు చల్లగా చూడాలి.

దిగాక అక్క టార్చి తనతో ఉంచుకుని, లాంతరు నా చేతికే ఇచ్చింది.

"ఇది ఇంటికి తీసుకుపో. రాత్రి బస్సుకు నేనొస్తే ఎదురు రావాల గదా."

పెట్టె ఎత్తుకుని మలుపు తిరిగేదాకా చూశాను. మలుపు దగ్గర టార్చి ఒకసారి వెలిగించి ఆర్పింది.

మళ్ళీ మా ఊరు

కలకత్తా నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండోదానిలో పెద్దావిడ పోయిందనీ, వాళ్ళ బంధువుల ఇంట్లో పనికి మారుతున్నాననీ, అక్కడి అడ్రసు తర్వాత రాస్తాననీ ఉంది. ఆ తర్వాత ఉత్తరం లేదు. నాగరాజన్న రిటైరయ్యాడు. మా ఊరికి ఆటోలు ఎక్కువై, చూస్తుండగానే పండుకునే బస్సును తీసేశారు. ఇప్పుడు రాత్రి మా ఊళ్ళో ఏ బస్సూ పండుకోదు. అయినా ఆ వేళకు నేను చిమ్నీ తుడిచి, లాంతరు వెలిగించి వాకిట్లో పెడతాను. బస్సు లేకపోయినా మనిషి ఏ దారినైనా రావచ్చు.

చదివే మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. మీరు ఏ ఊళ్ళోనైనా ఆఖరి బస్సు దిగేటప్పుడు, ఎవరైనా మీ ముఖం మీద టార్చి వేస్తే విసుక్కోకండి. రాత్రి ప్రార్థనలో మా అక్కను ఒక్కసారి తలుచుకోండి. పేరు కరుణమ్మ. ఎక్కడైనా కలిస్తే, చెల్లెలు తలుపుకు గడియ పెట్టలేదని చెప్పండి.